కసరత్తు గదికి ఏసీ

జూన్ 17, మంగళవారం

టీచర్ల సంఘం వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ టీ కప్పుల కింద పెట్టుకున్నాను. ముందు పేజీల నిండా గుండ్రటి మరకలు. అవి పోగా మిగిలింది నాది.

రాయడానికి కారణం ఉంది. ఇవాళ చేసిన పని ఎవరితోనూ చెప్పుకోలేను. చెప్పకుండా కడుపులో దాచుకోనూ లేను.

నేను అటెండర్ని. కాగితాల్లో ఆఫీస్ సబార్డినేట్ అని ఉంటుంది. ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు ఇప్పటికీ అట్లాగే ఉండిపోయాయి. వాటి జోలికి నేను పోలేదు, నా జోలికి అవి రాలేదు. మాది బడులకు సాయం చేసే ఆఫీసు, రిసోర్స్ సెంటర్ అంటారు. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే ఒక సందులో పాత బంగళా. చుట్టుపక్కల సర్కారు బడుల పుస్తకాలు ఇక్కడికే వస్తాయి, ఇక్కడి నుంచే పోతాయి. టీచర్లకు ట్రైనింగులూ ఇక్కడే. ట్రైనింగ్ అంటే పొద్దున స్లైడ్లు, మధ్యాహ్నం పులిహోర, సాయంత్రం గ్రూప్ ఫోటో.

వీటన్నిటి మీద ఆఫీసర్ ఫణికుమార్ సార్. ఆయనకు ఫోన్‌లో తెలుగు కొట్టాలంటే బద్ధకం. పొద్దున్నే ఫోన్ నా చేతిలో పెట్టి, అనసూయా, ఇది కాస్త గ్రూపులో పెట్టమ్మా అంటారు. పైన జిల్లా వాళ్ళ గ్రూపు. కింద హెడ్‌మాస్టర్ల గ్రూపు. పైనుంచి పడింది కింద పెట్టాలి, కింద నుంచి వచ్చింది పైన పెట్టాలి. మధ్యలో ఉన్నది నా బొటనవేలు.

ఇవాళ పైనుంచి ఏమీ పడలేదు. నాకు తోచలేదు. నేనే పెట్టాను. మోస్ట్ అర్జెంట్, ప్రతి ప్రధానోపాధ్యాయుడు తమ పాఠశాల గడియారం పక్కన నిలబడి ఫోటో దిగి నాలుగు గంటల లోపు పంపవలెను.

చూడాలి.

జూన్ 18, బుధవారం

పంపారు. అందరూ పంపారు.

ఒక బడికి గడియారం లేదట, ఎదురుగా పాన్ డబ్బా వాడిది అడిగి తెచ్చుకున్నారు. ఫోటోలో గడియారం మీద జర్దా కంపెనీ పేరు కనబడుతోంది. గౌలిగూడ హెడ్‌మాస్టర్ వామన్‌రావు సార్ ఇంటి అలారం గడియారాన్ని బారసాల బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ముఖంలో భక్తి.

ఒక్కరంటే ఒక్కరు ఎందుకు అని అడగలేదు. అడిగితే తనకు తెలియదని పక్కవాళ్ళకు తెలిసిపోతుంది. మా డిపార్ట్‌మెంట్ బండి నడిచేదే ఆ భయం మీద.

ఫణికుమార్ సార్ ఫోన్ తీసుకుని ఫోటోలన్నీ చూశారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఇంకా ఎవరు పెండింగ్ అని అడిగారు. ఎవరూ లేరు సార్ అన్నాను. గుడ్, పై గ్రూపులో పెట్టెయ్ అన్నారు.

జూన్ 19, గురువారం

జిల్లా నుంచి రిప్లై. పనిచేస్తున్న గడియారాలు ఎన్ని, పనిచేయనివి ఎన్ని, రెండు కాలమ్స్ చేసి పంపాలట. మోస్ట్ అర్జెంట్.

జూన్ 24, మంగళవారం

నవ్వు రాని రోజు.

వరండా చివర కసరత్తు గది ఉంది. బోర్డు మీద పేరు వేరే, చాలా పొడుగు. పిల్లలు పెట్టిన పేరే మాకు అలవాటైంది. మంగళవారం, శుక్రవారం ప్రత్యేక అవసరాల పిల్లలు వస్తారు. చుట్టుపక్కల బడుల్లో ఎక్కడా వాళ్ళకు ఇట్లాంటి గది లేదు. సుష్మ టీచర్ చూస్తుంది. కాళ్ళు సాగదీస్తుంది, వేళ్ళు విప్పుతుంది, మాట రాని వాళ్ళ చేత మాట్లాడిస్తుంది. ఒక్కతే మనిషి, అదీ కాంట్రాక్టు. గది మధ్యలో పిల్లల చేతికందే ఎత్తున రెండు పొడుగాటి ఇనుప కమ్మీలు పక్కపక్కన, రెండు చివర్లూ వంచి నేలలోకి దించి ఉన్నాయి. పిల్లలు వాటిని పట్టుకుని నడక నేర్చుకుంటారు.

శ్రీనిధి మొదటిసారి లేచి నిలబడింది ఆ కమ్మీల మధ్యనే. ఎనిమిదేళ్ళ పిల్ల. అడుగేద్దామంటే రెండు కాళ్ళూ కత్తెరలాగా ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. మోకాళ్ళ దాకా ఇనుప పట్టీలున్న కాలిపర్ బూట్లు. తల్లి కోఠిలో చీరల షాపులో పనిచేస్తుంది. నాయనమ్మ పోశవ్వ ఆబిడ్స్ షాపులకు దిష్టి నిమ్మకాయలు కట్టి, ఆ తర్వాత పిల్లను చంకన వేసుకుని ఇక్కడికి తెస్తుంది. పిల్ల పెరుగుతోంది, పోశవ్వ నడుం తరుగుతోంది. గీ పోరి నా కండ్ల ముంగట తన కాళ్ళ మీద నడిస్తె సాలు బిడ్డా, నేనెన్ని దినాలు మొయ్యాలె అంటుంది.

ఆ పిల్ల నన్ను సార్ పిలిచినట్టే అనసూయా అని పిలుస్తుంది. గట్ల పేరు వెట్టి పిలుస్తరానే అని పోశవ్వ తిడితే, పిలవనియ్యమని నేనే అన్నాను. మా ఇద్దరికీ పోటీ. నేను దాని టిఫిన్ డబ్బా దాస్తాను, అది నా తాళంచెవులు దాస్తుంది. పోయిన శుక్రవారం పుస్తకాల గది తాళంచెవి దాని బూటులో దొరికింది. దొరికేదాకా ఇద్దరు హెడ్‌మాస్టర్లు ఎండలో నిలబడ్డారు.

ఇవాళ సార్ గది చూడ్డానికి వచ్చారు. రెండో విడత పుస్తకాలు వస్తున్నాయండీ, వారానికి రెండ్రోజులు వాడే గదికి ఇంత జాగా ఎందుకు, పుస్తకాలు ఇందులో దించేద్దాం, ఆ పిల్లల్ని వరండాలో కూర్చోబెడితే సరిపోతుంది కదా అన్నారు. వరండాలో కమ్మీలెట్ల దించుతం సార్, కమ్మీలు లేకుంటే వాళ్ళెట్ల నడుస్తరు అని సుష్మ అడిగింది. చూద్దాం లేమ్మా అన్నారు. మా ఆఫీసులో చూద్దాం అంటే చూడం అని.

ఆయన పోయాక సుష్మ గుడ్డ తీసుకుని కమ్మీలు తుడిచింది. వాటి మీద మరకలేం లేవు. అయినా చాలాసేపు తుడిచింది.

జూన్ 26, గురువారం

మెసేజ్ పెడితే ఎవరు పెట్టారో దొరుకుతుంది. నోటి మాటకు ఆ బాధ లేదు.

వామన్‌రావు సార్ పుస్తకాల కోసం వచ్చే టైమ్ చూసుకుని కసరత్తు గది కిటికీ తోమడం మొదలుపెట్టాను. ఆ కిటికీని నేను తోమడం ఇదే మొదలు. ఆయన ఆగాడు. ఏంది అనసూయమ్మా, గింత సాఫ్ చేస్తున్నవ్, ఏంది సంగతి అన్నాడు. నాకేం ఎరుక సార్ అన్నాను. చెప్పు జర అన్నాడు. అటూ ఇటూ చూశాను. ఢిల్లీకెంచి ఎవరో టీమ్ వస్తుందంట, గీ ఒక్క గది సూడనీకే, మీరు మాత్రం ఎవ్వలకు చెప్పకున్రి అన్నాను. నేనెందుకు చెప్తనమ్మా అన్నాడు. అప్పటికే ఫోన్ చేతిలో ఉంది.

మధ్యాహ్నం కల్లా ఆ మాట ఊరంతా తిరిగి మా ఆఫీసుకే వచ్చింది. సార్ నన్ను లోపలికి పిలిచి తలుపు వేశారు. అనసూయా, నువ్వేమైనా విన్నావా అన్నారు. దేని గురించి సార్ అన్నాను. అదేనమ్మా, ఢిల్లీ అన్నారు. నేను ఫ్యాన్ వైపు చూశాను. ఆయనకు అది చాలు.

వెంటనే జిల్లా ఆఫీసు క్లర్కుకు ఫోన్ చేశారు. టీమ్ వస్తోందా అని అడగలేదు. ఏర్పాట్లు మొదలుపెట్టామండీ అన్నారు. అవతల వాడు గుడ్ సార్, కంటిన్యూ చేయండి అన్నాడట. ఇద్దరికీ ఏమీ తెలియదు. ఇద్దరూ అంతా తెలిసినట్టే ఫోన్ పెట్టేశారు.

పుస్తకాల లారీని వెనక షెడ్డుకు పంపించారు.

జూలై 3, గురువారం

గదికి సున్నం కాదు, పెయింట్. లేత ఆకుపచ్చ. గోడ మీద జిరాఫీ, ఏనుగు, ఇంకేదో జంతువు. కుక్క అని పెయింటర్ అంటాడు, నాకు నమ్మకం లేదు. గుమ్మం దగ్గర ర్యాంప్ పోశారు. సుష్మ ఆ ర్యాంప్ కోసం మూడేళ్ళ నుంచి అర్జీలు పెడుతోంది. ఒక్క పూటలో పోసేశారు. కర్టెన్లు. రబ్బరు మ్యాట్లు. కమ్మీలకు కొత్త రంగు.

ఏ ఫండ్ నుంచి అని నేను అడగలేదు. మా దగ్గర పెద్దవాళ్ళు వస్తున్నారంటే డబ్బు దానంతట అదే దారి వెతుక్కుంటుంది.

సుష్మ నన్ను పక్కకు పిలిచింది. అక్కా, నిజంగనే వస్తున్నరా అన్నది. వస్తె వస్తరు, రాకుంటె లేదు, నీ గది అయితే మిగిలింది గద అన్నాను. నా ముఖంలోకి అదోరకంగా చూసింది. నవ్వింది కూడా.

జూలై 8, మంగళవారం

ఏసీ పెట్టారు. ఢిల్లీ వాళ్ళకు ఉక్క ఆగదని సార్ అభిప్రాయం. ఢిల్లీలో ఎండలు లేనట్టు.

పిల్లలు లోపలికి వచ్చి నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. ఫ్రిజ్‌ల కూసున్నట్టుందే నాయనమ్మా అని శ్రీనిధి అరిచింది. చెమట పట్టకపోతే కమ్మీల మీద చేయి జారదు. ఈ సంగతి ఇన్నాళ్ళూ మాకెవరికీ తట్టలేదు. ఇవాళ ఆ పిల్ల కమ్మీలు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా సుష్మ చేయి అందుకోకుండా పోయింది. పోయి, అక్కడ నుంచి నా వైపు తిరిగి, సూసినవా అనసూయా అన్నది.

ఇంటికి పోయేటప్పుడు నాంపల్లిలో బిస్కెట్లు కొనుక్కుని దారి పొడుగునా తిన్నాను. అబద్ధం ఆడి ఇంత మంచి పని చేసిన ఆడది ఈ చుట్టుపక్కల ఉందా అనుకున్నాను.

జూలై 11, శుక్రవారం

టీమ్ రాలేదు. రావడం లేదని కూడా ఎవరూ చెప్పలేరు. వస్తామన్న వాళ్ళుంటే కదా.

జూలై 14, సోమవారం

ఏసీ సరిగ్గా పనిచేస్తోందో లేదోనని సార్ కసరత్తు గదిలో కూర్చుని చూశారు. గంటన్నర చూశారు.

జూలై 16, బుధవారం

మళ్ళీ చూశారు. ఫైళ్ళు అక్కడికే తెప్పించుకున్నారు.

జూలై 18, శుక్రవారం

పిల్లలు పోగానే టీ ఆ గదికే తెమ్మన్నారు. అప్పుడే అర్థం కావాల్సింది. నా ధ్యాసంతా ఆదివారం బోనాల మీద ఉంది.

జూలై 22, మంగళవారం

బోనాల సెలవు అయ్యాక తాళం తీసేది నేనే కాబట్టి ముందు చూసింది నేనే.

కమ్మీలు లేవు. కట్టర్ మిషన్‌తో నేల మట్టానికి కోసేశారు. మొదళ్ళు గుండ్రంగా నాలుగు తెల్లగా మెరుస్తున్నాయి. వాటి మీద కార్పెట్ పరవడానికి చుట్ట సిద్ధంగా ఉంది. పెద్ద టేబుల్, దాని వెనక చక్రాల కుర్చీ, ఆఫీసర్లు కూర్చుని గిర్రున తిరిగేది. గుమ్మం పైన ఫణికుమార్ సార్ పేరు. జిరాఫీని అట్లాగే ఉంచారు. ఆయనకు జిరాఫీ నచ్చిందట.

సుష్మ అడిగింది. సార్ చాలా మర్యాదగా జవాబిచ్చారు. ఇంత ఖర్చుపెట్టాక వారానికి ఐదు రోజులు ఖాళీగా ఉంచితే ఆడిట్‌లో మాట వస్తుందమ్మా, పిల్లలకు వరండాలో మ్యాట్లు వేయించాను కదా, గాలి కూడా బాగా వస్తుంది అన్నారు. మరి కమ్మీలు అంటే, కొత్తవాటికి ఇండెంట్ పెట్టండి, శాంక్షన్ రాగానే వేయిద్దాం అన్నారు. పాతవి తుక్కు వాడు పట్టుకుపోయాడు.

పాత గది, పాడు గది, సున్నం రాలిన గది అయితే ఆయన అటు తొంగి చూసేవాడు కాదు. పుస్తకాలైనా పడేవేమో గాని కమ్మీలు పోయేవి కావు. దానికి రంగు పూయించి, చల్లగా చేసి, ఆయన ముందు పెట్టింది నేను.

సుష్మ నా దగ్గరికొచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు. ఆ ఢిల్లీ ముచ్చట ఏడికెంచి పుట్టిందో నాకెరుకే అక్కా, ఇగ నీ ఏసీ నువ్వే వెట్టుకో అన్నది.

అది కూడా పడ్డాను. తర్వాతిది పడలేకపోయాను.

పదకొండింటికి పోశవ్వ శ్రీనిధిని తెచ్చింది. పిల్ల గదిలోకి తొంగి చూసింది. ఖాళీ జాగా చూసింది. నన్ను చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. ఏడ దాచినవ్ అనసూయా, ఇయ్యి అన్నది. నా చీర కొంగు లాగింది.  నేను కొంగు వెనక్కి లాక్కునేసరికి ఆటేననుకుని ఇంకా నవ్వింది. నాయనమ్మను దించమని, నేల మీద పాక్కుంటూ పోయి టేబుల్ కింద వెతికింది. కర్టెన్ వెనక వెతికింది. మంచిగ దాచినవ్ ఈసారి అన్నది.

ఎంతసేపు వెతికిందో చెప్పలేను. పోశవ్వే ఎత్తుకుపోయింది.

జూలై 25, శుక్రవారం

రాలేదు.

జూలై 29, మంగళవారం

రాలేదు.

సుష్మ నాతో మాట్లాడదు. అయినా నాకు వినపడేలాగా వేరే తల్లికి చెప్పింది. నడక మానేస్తే ఆ కండరాలు మళ్ళీ బిగుసుకుపోతాయట. సంపాదించుకున్నది నెలలో పోతుందట. తిరిగి తెచ్చుకోవడానికి ఏడాది.

ఆగస్టు 1, శుక్రవారం

పొద్దున ఆబిడ్స్‌లో షాపులు తెరిచే టైమ్‌కు పోయి పోశవ్వను పట్టుకున్నాను. ఒక చెప్పుల షాపు షట్టర్‌కు నిమ్మకాయ కడుతోంది. పిల్ల మెట్టు మీద కూర్చుని మిరపకాయలు గుచ్చుతోంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. ఆట కాదని ఎవరో చెప్పినట్టున్నారు, లేకపోతే దానికే తెలిసింది.

ఎందుకస్తలేవు పోశవ్వా అన్నాను. వచ్చి ఏం జేయాలె బిడ్డా, నడిపిచ్చేటియి లేవాయె, వరండల కూసోవెట్టనీకె గంత దూరం మోసుకొచ్చుడా, మా ఇంటి ముంగట లేదా అరుగు అన్నది. 

మంగళవారం ఒక్కసారి రా అన్నాను. ఎందుకు అన్నది. వరండాల కాదు, సీదా సార్ గదిలకు పో, పిల్లను సార్ టేబుల్ పక్కన దించు, ఏమడిగినా నోరిప్పకు అన్నాను. తిడ్తడేమో అన్నది. తిట్టడు, ఆయనకు ఆడోళ్ళను తిట్టే ధైర్యం లేదు అన్నాను.

ఆగస్టు 5, మంగళవారం. పొద్దున పది

సార్ ఫోన్ చార్జింగ్ కోసం నా దగ్గర పెట్టారు. నేనే అడిగి పెట్టించుకున్నాను. బ్యాటరీ తక్కువుంది సార్ అన్నాను. ఎంతుందో ఆయన చూడలేదు.

అదే రోజు, సాయంత్రం

వరసగా రాస్తాను.

పోశవ్వ వచ్చింది. సీదా లోపలికి పోయింది. పిల్లను టేబుల్ పక్కన దించి, గోడకు ఆనుకుని జిరాఫీ కాళ్ళ దగ్గర కూర్చుంది. సార్ ఫైలు మీద నుంచి తల ఎత్తి, ఎవరమ్మా మీరు, ఏంటి అన్నారు. పోశవ్వ నోరిప్పలేదు. ఏంటమ్మా అని మళ్ళీ అన్నారు. ఆలోపు శ్రీనిధి టేబుల్ అంచు పట్టుకుంది. ఇది నేను చెప్పింది కాదు. పట్టుకోవడానికి ఏదో కనబడింది, పట్టుకుంది, అంతే. లేచింది. కాళ్ళు వణికాయి. చేయి జారి వెనక్కి ఒరిగింది.

సార్ కుర్చీలోంచి దూకారు. ఆ పెద్దమనిషి అట్లా దూకగలడని నేను కల కూడా కనలేదు. నేల మీద మోకాళ్ళు ఆనించి పిల్లను రెండు చేతుల్లో ఆపారు. పిల్ల ఆయన చొక్కా పట్టుకుని నిలబడింది. ఇద్దరి ముఖాలూ దగ్గర దగ్గరగా. గుమ్మంలోంచి ఫోటో తీశాను.

పై గ్రూపులో పెట్టాను. ఆయన ఫోన్, ఆయన పేరు. నేటి నుంచి నా చాంబర్‌ను ప్రత్యేక అవసరాల చిన్నారుల శిక్షణకు కేటాయించాను, వారి అడుగులే మనకు స్ఫూర్తి. స్ఫూర్తి అన్న మాట లేకుండా మా గ్రూపులో ఏదీ నిలబడదు.

టీ కాచేలోపు చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. జిల్లా పెద్ద సార్ రెండే ముక్కలు రాశాడు. ఎక్సలెంట్. అన్ని మండలాల్లో అమలు చేయండి.

ఫోన్ తీసుకుపోయి ఇచ్చాను. ఆయన చదివారు. మళ్ళీ చదివారు. ఎవరు పెట్టారిది అన్నారు. రోజూ నేనే కద సార్ పెట్టేది అన్నాను. నేను చెప్పానా అన్నారు. పిల్లను మీరు గట్ల పట్టుకున్నంక ఇగ చెప్పేదేముంది సార్ అన్నాను. తీసెయ్, ఇప్పుడే తీసెయ్ అన్నారు. తీసేస్తె డిలీట్ చేసిన్రు అని పడ్తది సార్, అది ఇంకింత పెద్దగ కనబడ్తది అన్నాను.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. జిల్లా పెద్ద సార్. ఫణికుమార్ సార్ లేచి నిలబడి మాట్లాడారు. థాంక్యూ సార్, నా బాధ్యత సార్, ఎప్పటి నుంచో అనుకుంటున్నాను సార్ అన్నారు. మాట్లాడుతున్నంతసేపూ నన్నే చూస్తున్నారు. ఆ చూపులో నాకు ఉద్యోగం కనబడలేదు.

ఆగస్టు 7, గురువారం

సార్ టేబుల్ వరండాలోకి వచ్చింది, నా స్టూల్ పక్కకు. చక్రాల కుర్చీ కూడా తెచ్చారు గాని నిలబడలేదు. వాన నీళ్ళు పోవడానికి మా వరండా వాలుగా కట్టారు. ఆయన కూర్చుని సంతకం పెడుతూ పెడుతూ బాత్రూం వైపు మెల్లగా జారిపోయారు. పెన్ను వదల్లేదు. కుర్చీని మళ్ళీ గదిలో పడేసి ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నారు.

కొత్త కమ్మీలకు ఇండెంట్ పోయింది. ఎప్పుడొస్తాయని సుష్మ అడిగింది. దసరా దాటుతుందట, దీపావళి కూడా దాటొచ్చట.

గది వచ్చింది. కమ్మీలు రాలేదు.

ఆగస్టు 12, మంగళవారం

పక్క మండలాల ఆఫీసర్లు గది చూడ్డానికి వచ్చారు. వాళ్ళ చాంబర్లు కూడా పోతున్నాయి కదా. అభినందనలు ఫణికుమార్ గారూ అని చేయి కలిపారు. బయటికి పోయి బండ్ల దగ్గర ఏమన్నారో నేను గేటు తీస్తూ విన్నాను. ఇక్కడ రాయను.

శ్రీనిధి వస్తోంది. సుష్మ రెండు చేతులూ పట్టుకుని నడిపిస్తుంది. ఒక పిల్లను నడిపిస్తే మిగతా పిల్లలు కూర్చుని ఉండాలి. ఒక్కో పిల్లకు నాలుగు అడుగులు పడేసరికి టైమ్ అయిపోతుంది. ఇవాళ ఆ పిల్ల కాళ్ళు మళ్ళీ కత్తెర పడ్డాయి. పోయిన నెల విప్పుకున్నవే.

నాతో ఒక్క మాట మాట్లాడింది. ఇప్పుడన్న చెప్పు, ఏడ దాచినవ్ అన్నది. నవ్వకుండా అడిగింది.

ఆగస్టు 14, గురువారం

సార్ ఇవాళ స్వయంగా టైప్ చేశారు. ఒక్క వేలితో, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, పొద్దున్నంతా. సాయం చేయనా సార్ అంటే వద్దమ్మా అన్నారు.

రెండు గ్రూపుల్లోనూ పడింది. నేను ట్రే పట్టుకుని ఇకిలిస్తున్న ఫోటో, దాని కింద, మా సెంటర్‌లో అంకితభావంతో పనిచేస్తున్న శ్రీమతి అనసూయ గారి సేవలను గుర్తించి, ఈ నెల 25 నుంచి కాచిగూడ పుస్తకాల గోడౌన్ పూర్తి బాధ్యతలు వారికి అప్పగించడమైనది, వారి సేవ అందరికీ స్ఫూర్తి.

చప్పట్లు, దండాలు, పూలగుత్తులు. వామన్‌రావు సార్ అయితే కంగ్రాట్స్ అనసూయమ్మా అని ఫోన్ చేశాడు. ఆ గోడౌన్‌కు కిటికీ లేదు. బల్లులు, పాత సైన్సు పుస్తకాలు, నేను. పోనని ఎట్లా అంటాను, అందరూ చప్పట్లు కొట్టాక?

నాకు కోపం రాలేదు. వచ్చిందేమో, నవ్వు ముందు వచ్చింది. ఆయన కూడా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నవ్వారు. కాచిగూడ మా ఇల్లేనమ్మా, మా తాతగారు యాభై ఆరులో ఆంధ్ర నుంచి వచ్చి దిగింది అక్కడే, మధ్య మధ్య వచ్చి చూస్తూ ఉంటాను నిన్ను అన్నారు.

ఆగస్టు 19, మంగళవారం

గదిలో మూలకు పడేసిన చక్రాల కుర్చీని శ్రీనిధి పట్టుకుంది. వెనక వైపు వీపు పట్టుకుని లేచింది. తోసింది. ఖాళీ కుర్చీ కదా, బాణంలాగా పోయింది. పిల్ల బోర్లా పడింది. పెదవి చిట్లింది. పోశవ్వ ఏడ్చింది, పిల్ల ఏడవలేదు. కుర్చి తేలికుంది, గందుకే ఉరికింది అన్నది.

సుష్మ దూది తెమ్మంది. తెచ్చి ఇచ్చాను. చాలా రోజులకు నా ముఖం చూసి మాట్లాడింది. అక్కా, దాని మీద బరువు ఉంటే ఆగుతదా అన్నది. పుస్తకాల కట్టలు పెట్టి చూశాం. జారి కింద పడుతున్నాయి.

ఆగస్టు 22, శుక్రవారం

ఇక్కడ ఆఖరు రోజు.

ఆఫీసర్ కుర్చీలో కూర్చున్నాను. సుష్మ కూర్చోమంది. ముప్పై ఏళ్ళుగా పులిహోర తిన్న బరువు నాది, కుర్చీ మెల్లగా తప్ప కదలదు. శ్రీనిధి వెనక నుంచి పట్టుకుని తోస్తోంది. దాని ఊపిరి నా మెడకు తగులుతోంది. కాళ్ళు నాకు కనబడవు. బూట్ల చప్పుడే. ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి.

వరండాలోంచి సార్ లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను లేవబోయాను. లేవకు అని పిల్ల కసిరింది. ఆయన కూడా కూర్చోమని చెయ్యి ఊపారు.

గోడ వచ్చింది. కుర్చీ తిప్పు అన్నది. తిప్పుకున్నాను.